ఆ గడియ ఎవరిది?

సహోదరీ, సాయంకాలము 6 గంటలు దాటినది. మిరప కోతకు తీసికొనిపోయిన ఆటో నిన్ను ఊరి మొదట దింపి వెళ్లినది. చేతులు మండుచున్నవి. నీళ్లు పట్టవలెను, పొయ్యి వెలిగింపవలెను, గేదెకు కుడితి పెట్టవలెను. అరుగు మీద నీ కుమారుడు కూర్చున్నాడు. వానికి 15 ఏండ్లు. నిరుడు నీ భుజము వరకు ఉండెడివాడు. ఇప్పుడు వాని ముఖము చూడవలెనన్న నీవు తల యెత్తవలసి వచ్చుచున్నది. వాని చేతిలో ఫోను ఉన్నది. గడప దాటకమునుపే నీవు అడుగుదువు.

"అన్నం తిన్నావా?"

"ఊఁ."

"చదివావా?"

"ఆఁ."

"పొద్దున ఎక్కడికి పోయావు?"

"ఎక్కడికీ పోలా."

ఆ దినమునకు తల్లీ కొడుకుల మాటలు అంతటితో ముగిసినవి. నీవు లోపలికి పోయి, వీనికి నేనేమి తక్కువ చేసితినని పొయ్యి ముందర కన్నీళ్లు తుడుచుకొందువు. పొగ వలన వచ్చిన నీళ్లని వాడు అనుకొనును.

ఈ మూడు ప్రశ్నలను నేను అనేక గృహములలో వింటిని. నా గృహములో నేనే అడిగితిని. అవి చెడ్డ ప్రశ్నలు కావు. తిన్నాడో లేదో తల్లిగాక మరి ఎవరు అడుగుదురు? అయితే వాటిని మరియొకసారి మెల్లగా చదివి చూడుము. ముఠా మేస్త్రి కూలీలను అడుగునవి ఇవియే గదా: వచ్చితివా, చేసితివా, ఎక్కడ ఉంటివి? అవి లెక్క అడుగు ప్రశ్నలు. లెక్క అడిగినవారికి ఎవరైనను లెక్కయే చెప్పుదురు గాని మనస్సు చెప్పరు.

ఎదుగుచున్న కుమారునితో తల్లి కొంత కాలము గడపవలెనని ఈ దినములలో అందరును చెప్పుచున్నారు. బడిలో ఉపాధ్యాయులు చెప్పుచున్నారు, స్త్రీల కూటములో చెప్పుచున్నారు. మంచి మాటయే. నన్ను చాలకాలము బాధించిన ప్రశ్న వేరు. నేను వానితో గడపు ఆ గడియ ఎవరిది? వాని మార్కులు పెరుగవలెనని, చెడ్డ స్నేహము మానవలెనని, ఆదివారము గుడికి రావలెనని మనస్సులో పెట్టుకొని నేను వాని ప్రక్కన కూర్చుందుననుకొనుము. అప్పుడు నేను వానికి ఒక గడియ ఇచ్చితినా, లేక వాని యొద్దనుండి ఒకటి రాబట్టుటకు పెట్టుబడి పెట్టితినా?

ఇది చిన్న ప్రశ్నయని త్రోసివేయకుము. అప్పులవాడు వీధి మొదట కనబడగానే ఇంటిలోని పిల్లలు దొడ్డిదారిని జారుకొనుట నీవు చూచియుందువు. ఆయన వచ్చి కేక వేయడు. కుశలము అడుగును, మంచినీళ్లు త్రాగును, వానలను గూర్చి మాటలాడును. ఇంటిలో ఒకరును ఆ మాటలు వినరు. వాటి వెనుక కాచుకొనియున్న మాట కొరకే అందరి చెవులు నిలిచియుండును. తల్లి ప్రేమగా ప్రక్కన చేరిన ప్రతిసారి చివరకు ఒక వాగ్దానమో ఒక ఒప్పుకోలో రాబట్టుకొని లేచునని గ్రహించిన కుర్రవాడును అట్లే వినును. నీవు తల నిమురుచుంటివి. వాడు "ఇక వచ్చును" అని ఎదురు చూచుచున్నాడు.

కుటుంబ ప్రార్థనలో సయితము మనమీ పని చేయుదుము. చెప్పుటకు సిగ్గుపడుచున్నాను గాని చెప్పెదను. "ప్రభువా, బడి ఎగ్గొట్టి చెరువు గట్టున తిరిగిన ఈ బిడ్డను జ్ఞాపకము చేసికొనుము" అని నేను కన్నులు మూసికొని గట్టిగా ప్రార్థించిన రాత్రులు కలవు. అది దేవునికి తెలియని సంగతియా? నేను దేవునితో మాటలాడుట లేదు. మూడడుగుల దూరములో మోకరించిన కుమారునితో మాటలాడుచుంటిని. వాడు బదులు చెప్పుటకు వీలు లేని సమయమును ఏరుకొని మరీ మాటలాడితిని. వాడు కొన్నాళ్లకు ప్రార్థన వేళకు స్నానమునకు పోవుట అలవాటు చేసికొనెను.

ఇక నాకు తెలిసిన మేలు ఒకటి చెప్పెదను. ఈ వయస్సు బిడ్డలు ఎదురెదురుగా కూర్చుండబెట్టి అడిగిన యెడల పలుకరు. చేతులకు పని ఉండి, కన్నులు ఆ పని మీద ఉన్నప్పుడు నోరు దానంతట అది తెరచుకొనును. చింతపండులో గింజ తీయునప్పుడు, మునగాకు దూయునప్పుడు, ఎండిన మిరపకాయలలో తాలుకాయలు ఏరునప్పుడు, మోపు నెత్తికెత్తుకొని గట్టు వెంబడి ఒకరి వెనుక ఒకరు నడచునప్పుడు వారు మాటలాడుదురు. సంతకు పోవు త్రోవలో వాడు సైకిలు త్రొక్కుచు, నీవు వెనుక కూర్చున్నప్పుడు వాని ముఖము నీకు కనబడదు, నీ ముఖము వానికి కనబడదు. ఇంటిలో చెప్పని మాట ఆ సైకిలు మీద చెప్పును. ఆ పనియు నటన కారాదు. నిజముగా చేయవలసిన పనియై, వాడు లేనిదే నీకు కష్టమగు పనియై యుండవలెను. ఊరక కూర్చుండబెట్టుటకు కల్పించిన పనిని వాడు ఇట్టే కనిపెట్టును.

వాని యొద్ద నీవు నేర్చుకొనునది ఉన్న యెడల మరియు మంచిది. ఉపాధి పని కూలి బ్యాంకు ఖాతాలో పడినదో లేదో ఫోనులో చూచుట ఎట్లో చూపించుమని అడుగుము. పొదుపు సంఘము పుస్తకములోని వడ్డీ లెక్క వాని ముందర పెట్టుము. ఒక తల్లి నాతో చెప్పినది: "వాడు రెండు సార్లు చెప్పాడు, నాకు ఎక్కలా. మూడోసారి విసుక్కోకుండా చెప్పాడమ్మా. వీడికి ఇంత ఓర్పు ఉందని నాకు తెలియదు." ఆమె ఆ సాయంకాలము ఫోను వాడుట పూర్తిగా నేర్చుకొనలేదు. కుమారుని గూర్చి మాత్రము ఒక సంగతి నేర్చుకొన్నది.

మా యింట ఆ పని వేరుశనగ. విత్తనమునకు యంత్రములో వేసిన యెడల పప్పు పగులునని చేతితోనే ఒలిచెడివారము. మా పెద్దవాడు 9వ తరగతి చదువుచున్న యేడు, ఒక రాత్రి కరెంటు లేదు, మేమిద్దరమే గంప ముందర కూర్చుంటిమి. నేనేమియు అడుగలేదు. నిజము చెప్పవలెనన్న అడుగు ఓపిక లేదు. సగము గంప అయిన పిమ్మట వాడే ఆరంభించెను. లెక్కల పరీక్ష తప్పినాడట. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకము తానే పెట్టుకొన్నాడట. చెప్పి, చేతిలోని కాయను ఒలువక అట్లే పట్టుకొనియుండెను. నేను, "సరేలే, చెయ్యి ఆడించు" అంటిని. వాడు పెద్ద ఊపిరి విడిచి పనిలో పడెను. ఆ రాత్రి వాడు నిద్రపోయిన పిమ్మట నేను ఆ సంగతి నా భర్తతో చెప్పితిని.

ఆయన కొట్టువాడు కాడు. మరునాడు ప్రొద్దుట చద్దన్నము తినుచుండగా అందరి యెదుట, "సంతకం బాగా పెట్టావట్రా" అని మాత్రము అనెను. కుమారుడు తండ్రి వైపు చూడలేదు. నా వైపు చూచెను. ఆ చూపును నేను ఇప్పటికిని మరువలేదు. అది మొదలు నేను గంప తీయగానే వాడు బయటికి పోయెడివాడు. ఆ పంట విత్తితిమి, పెరికితిమి, మరల విత్తనమునకు ఒలుచు కాలము వచ్చెను. వాడు నా ప్రక్కన కూర్చుండలేదు.

నా తప్పు ఏది? దీనిని అనేక రాత్రులు తలపోసితిని. తండ్రికి తెలియుట తప్పు కాదు. అది ఆయన పేరు, ఆయన సంతకము. భర్తకు చెప్పక దాచియుంటే అది వేరొక తప్పగును. తల్లి, కుమారుడు ఒకటై తండ్రిని పరాయివానిగా చేసిన గృహములు నాకు తెలియును, అందులో మేలు పుట్టదు. అయితే వాడు నాకు అప్పగించినదానిని వాని వెనుక తీసికొనిపోయి మరియొకరి చేతిలో పెట్టితిని. "నాయనా, ఇది మీ నాన్నకు తెలియవలసిన మాట. నువ్వే చెబుతావా? నన్ను పక్కన ఉండమంటావా?" అని ముందు వానితో అనియుంటే వాడు ఏడ్చియుండును, కోపపడియుండును, నన్ను బ్రతిమాలియుండును. ఆ మరుసటి వారము గంప యొద్దకు మాత్రము వచ్చియుండును. ఒక గృహములో కొన్ని మాటలు దాచరానివి కలవు. ప్రాణమునకు అపాయమైనది, పరుల బిడ్డకు కీడు కలిగించునది, అప్పులలోనికి, పందెములలోనికి దింపునది విన్నప్పుడు తల్లి నోరు మూసికొని యుండరాదు. అప్పుడు సయితము ఎవరికి చెప్పబోవుచున్నావో మొదట వానికే చెప్పుము. తక్కినవి, అనగా ఎవరిని చూచి సిగ్గుపడెనో, ఎవరు వెక్కిరించిరో, దేనికి భయపడుచున్నాడో, అవి నీవు పొరుగింట పంచిపెట్టుటకు కావు. స్త్రీల కూటములో ప్రార్థన అంశముగా ఇచ్చుటకును కావు. ప్రార్థన అంశము అను పేరుతో మనము ఊరంతయు పంచిన సంగతులు ఎన్ని!

12 ఏండ్ల యేసును యెరూషలేములో పోగొట్టుకొని, మూడు దినములకు దేవాలయములో కనుగొన్న తల్లిని జ్ఞాపకము చేసికొనుము. ఆమె అడిగినది. అడుగుట తల్లికి తగును. కుమారుడిచ్చిన ఉత్తరము ఆమెకును యోసేపునకును గ్రహింపు కాలేదు. ఆమె రెట్టించి అడిగినట్లు సువార్తలో వ్రాయబడలేదు. ఆ సంగతులను హృదయములో దాచుకొనెనని మాత్రమే ఉన్నది. అర్థము కాని మాటను దాచుకొనుట ఎంత కష్టమో నీకు తెలియును. మనకు అర్థము కాని మాట బిడ్డ నోట వచ్చిన వెంటనే, "ఎవరు నేర్పారు నీకిది?" అందుము. అక్కడితో ఆ ద్వారము మూతపడును.

నీవు నన్ను ఆపి అడుగవచ్చును: "అమ్మా, నా కొడుకు గుట్కా నములుచున్నాడు. లైసెన్సు లేకుండ బండి నడుపుచున్నాడు. క్రికెట్ పందెములు కట్టుచున్నాడేమోనని అనుమానముగా ఉన్నది. నేను ప్రక్కన కూర్చుండి మునగాకు దూయుచు ఉండవలెనా? యాజకుడైన ఏలీకి ఏమి జరిగినదో మేము వినలేదా?"

విన్నాము. నేనును భయపడి ఆ అధ్యాయములను మరల మరల చదివితిని. ఏలీ మాటలాడకపోలేదు, సహోదరీ. ఆయన తన కుమారులను పిలిచి గద్దించెను. మీరు చేయునది చెడ్డదని స్పష్టముగానే చెప్పెను. ఆయన మీద మోపబడిన దోషము మాటలు తక్కువైనవని కాదు, వారిని అడ్డగింపలేదని. ఇది గ్రహించిన దినమున నాకు ఆశ్చర్యమైనది. ఎందుకనగా మనమును ఏలీ వలెనే చేయుదుము. ఉదయము మొదలు రాత్రి వరకు అనుచునే ఉందుము. అన్నము వడ్డించుచు అందుము, జడ వేసికొనుచు అందుము. బండి తాళము మాత్రము గూటిలోనే ఉంచుదుము. అడ్డగింపవలసిన చోట తాళము తీసి దాచుము. దుకాణములో వాని పేర అప్పు ఇయ్యవద్దని పోయి చెప్పుము. ఎందుకు చేయుచున్నావో ఒకసారి, పగటి వేళ, నిలువబడి, కొద్ది మాటలలో చెప్పుము. చెప్పి, ముగించుము. ఆ మాటను మునగాకు యొద్దకు, వేరుశనగ గంప యొద్దకు తీసికొనిరాకుము. తాళము దాచిన సాయంకాలమే వాని ప్రక్కన కూర్చుండి, ఆ సంగతి ఎత్తక, ఎప్పటివలె ఆకు దూయగలవా? అది మిక్కిలి కష్టము. నాకు అనేక పర్యాయములు చేతకాలేదు. అయినను కుమారుడు తన తప్పునకు వేరుగా, తనంతట తాను తల్లికి కావలసినవాడని తెలిసికొనునది ఆ సాయంకాలమందే.

ఇందును గూర్చి ఆలోచించునప్పుడెల్ల నాకు మోనికా జ్ఞాపకమునకు వచ్చును. ఆమె కుమారుడైన అగస్టీను ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియా దేశమున, తగాస్తే అను చిన్న పట్టణములో 354వ సంవత్సరము నవంబరు 13న పుట్టెను. పెద్ద భాగ్యవంతులు కారు. అతని 16వ యేట పై చదువునకు సొమ్ము చాలక ఒక సంవత్సరము ఇంటి యొద్ద ఊరక తిరిగెను. మన పల్లెలలో పది చదివి ఇంటర్మీడియట్‌లో చేరక అరుగుల మీద కూర్చుండు పిల్లల వంటి కాలమది. ఆ యేటనే స్నేహితులతో కూడి రాత్రి వేళ పొరుగువారి చెట్టు దులిపి, కాయలను పందులకు పారవేసెను. తల్లి అతనిని ప్రక్కకు పిలిచి, స్త్రీల విషయమై జాగ్రత్తగా ఉండుమని మిగుల ఆందోళనతో హెచ్చరించెను. అది సరియైన హెచ్చరికయే. అయితే అవి ఆడవారి మాటలని, వాటికి లోబడుట సిగ్గని తాను అనుకొంటినని అతడే పిమ్మట తన ఒప్పుకోలు గ్రంథములో వ్రాసికొనెను.

ఆ తరువాత అతడు మాని అను పారశీకుని బోధలో పడినప్పుడు తల్లి అతనిని తన బల్ల యొద్ద కూర్చుండనీయలేదు. కొంత కాలమునకు ఒక కల వలన ఓదార్పు పొంది, మరల చేర్చుకొనెను. అతని మనస్సు మారలేదు. బల్ల యొద్ద చోటు మాత్రము తిరిగి ఇచ్చెను. నా కుమారునితో మీరు వాదించి దారికి తెండని ఆమె ఒక బిషప్పును బ్రతిమాలగా, ఆయన ఒప్పుకొనక, ఇప్పుడు వాడు నేర్చుకొనడు, విడిచిపెట్టి ప్రార్థింపుమని చెప్పి పంపెను. ఆమెకు విడిచిపెట్టుట చేతకాలేదు. తల్లులందరి వలెనే, అనేకులకంటె అధికముగా, నేను తన యొద్ద నుండుట ఆమెకు ఇష్టమని కుమారుడే వ్రాసెను. 383లో ఓడరేవు వరకు వెంబడించి పట్టుకొన్నది. స్నేహితుని సాగనంపుటకు వచ్చితినని అతడు అబద్ధమాడి, ఆమె సమీపమున ఒక ప్రార్థనా స్థలములో రాత్రి గడుపుచుండగా ఓడ ఎక్కి రోమాకు పోయెను. నేను దీనిని చదివినప్పుడు ఆమెను నిందింపలేదు గాని, నవ్వు ఏడ్పు రెండును వచ్చినవి. మన పిల్లలును బస్టాండులో ఇట్లే చెప్పిపోవుదురు.

నేను చెప్పదలచిన సంగతి దీనికి తరువాతిది. 386 శరత్కాలమున, మిలాను సమీపమున ఒక స్నేహితుని పల్లెటింటిలో వారందరును కొన్ని నెలలు కలసి ఉండిరి. అగస్టీను, అతని సహోదరుడు, కొందరు శిష్యులు, అతని కుమారుడు అదియోదాతు ఉండిరి. ఆ బాలునికి సుమారు 14 ఏండ్లు. మోనికాయు ఉండెను; ఇల్లు చక్కబెట్టునది, మాటలలో మునిగిన వారిని భోజనమునకు తోలుకొని పోవునది ఆమెయే. ఆ నవంబరు 13న, అగస్టీను పుట్టినదినమున, భోజనమైన పిమ్మట అందరును స్నానశాలలో కూర్చుండి ధన్యమైన జీవితము ఎట్టిదని మాటలాడుట మొదలుపెట్టిరి. మూడు దినములు మాటలాడిరి. తల్లి వారి నడుమ కూర్చున్నది. ఆమె చెప్పిన ఉత్తరములను కుమారుడు మెచ్చుకొని, తక్కినవారి ఉత్తరములతో పాటు వ్రాయించెను. దేవుడు ఎవనియందు ఉండునని అడిగినప్పుడు, ఆ గుంపులో అందరికంటె చిన్నవాడైన బాలుడు అపవిత్రాత్మ లేనివానియందేయని భావమిచ్చు ఉత్తరము చెప్పెను. మోనికా అందరి ఉత్తరములను ఒప్పుకొనెను గాని మనుమని ఉత్తరమును అన్నిటికంటె మిన్నగా మెచ్చుకొనెను. ఇది అతని తండ్రి వ్రాసిన గ్రంథములోనే ఉన్నది.

అగస్టీను మార్పునకు ఆమె కన్నీళ్లును ప్రార్థనలును కారణమని అతడే చెప్పెను. నేను అందుకు మారుగా చెప్పుట లేదు. నా కన్ను నిలుచునది ఆ స్నానశాల మీద. 16వ యేట కుమారుని ప్రక్కకు పిలిచి హెచ్చరించిన ఆ తల్లియే, 16 ఏండ్లు గడచిన పిమ్మట, అతని ప్రశ్నకు తన ఉత్తరము చెప్పి, 14 ఏండ్ల మనుమని ఉత్తరము కొరకు ఆగియున్నది. మనము మన కుమారుని ఉత్తరము కొరకు ఎప్పుడైన ఆగితిమా? మనకు ముందే తెలిసిన ఉత్తరము కొరకు కాదు; వాడు నిజముగా ఏమనుకొనుచున్నాడో అది. ఈ యేడు పత్తి వేయుదమా కంది వేయుదమా? తాతను ఆసుపత్రికి ఎప్పుడు తీసికొనిపోవుదము? చెల్లిని ఏ కాలేజీలో చేర్చుదము? 15 ఏండ్లవాడు ఈ మాటలలో కూర్చుండదగినవాడు. వాడు చెప్పినది తప్పైనను, "చిన్నవాడివి, నీకేం తెలుసు" అనక, ఎందుకట్లు అనుకొంటివని అడిగి చూడుము.

సమయము ఎక్కడిదని నీవు అడుగుట న్యాయమే. తీరిక కలవారి కొరకు వ్రాసిన పుస్తకములలో తల్లి కుమారునితో ఆటలకును విహారములకును పోవలెనని ఉండును. తెల్లవారి 4 గంటలకు లేచి రాత్రి 9కి వాలిపోవు నీకు అది చదివిన దుఃఖమే. నేను చెప్పునది కొత్త పని కాదు. ఉన్న పనిలోనే ప్రక్కన మరియొక పీట వేయుట. వీరు పెద్దవారైరి, ఇక మన అవసరము లేదని అనుకొనుట మాత్రము పొరపాటు. 2015లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధన చెప్పునదేమనగా, 3 మొదలు 11 ఏండ్ల పిల్లల విషయములో తల్లి గడిపిన గంటల లెక్కకును వారి నడవడికిని చెప్పుకొనదగిన సంబంధము కనబడలేదు. 12 మొదలు 18 ఏండ్ల వారి విషయములో మాత్రము, తల్లి వారితో కలసి ఏదైన చేయుచు గడిపిన కాలము ఎక్కువగా ఉన్నచోట దుష్ప్రవర్తన తక్కువగా కనబడెను. ఏది కారణమో ఏది ఫలమో అట్టి లెక్కలు పూర్తిగా తేల్చజాలవు. అయినను ఎత్తుకొను బిడ్డకు ఇచ్చి, ఎత్తు మించిన బిడ్డకు ఇయ్యకుండుట తారుమారని మనకే తోచును గదా.

వారు రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మటనే మాటలాడుదురని తల్లులు విసుగుకొందురు. అది మొండితనము మాత్రమే కాదు. ఈ వయస్సులో నిద్ర తెప్పించు స్రావము దేహములో ఆలస్యముగా ఊరునని వైద్యులు కనుగొనిరి. నీకు కన్నులు మూతపడు వేళ వానికి మెలకువ వచ్చును. వారమునకు ఒక రాత్రియైనను ఒక అరగంట ఓర్చుకొనుము. నడుమ నిద్రపోయిన యెడల దోషము లేదు. తల్లి తన మాట వినుచునే నిద్రపోయినదని కుమారుడు ఎన్నడును నేరము మోపడు. మిగిలిన రాత్రులు వానిని వేగముగా పండుకొననిమ్ము, ఆ ఫోనును మరియొక గదిలో ఉంచుము. వానికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను.

హాస్టలులో నున్న బిడ్డల తల్లులకు నెలకు ఒక ఆదివారము దొరకును. బస్సు దిగి, క్యారియరు పట్టుకొని, చెట్టు క్రింద కూర్చుండి, మొదటనే ర్యాంకు అడుగుదుము. తిరుగు బస్సు వేళకు ఇద్దరి ముఖములును ముడుచుకొని యుండును. ఈసారి పోవునప్పుడు ఇంటి సంగతులు తీసికొనిపొమ్ము. గేదె ఈనినది, పక్కింటి ముసలమ్మ పొరుగామెతో మరల పోట్లాడినది, వేపచెట్టు కొమ్మ విరిగి కోళ్ల గూటి మీద పడినది, ఇవి చెప్పుము. వాడు నవ్వును. ర్యాంకు సంగతి వానికి బాధగా ఉన్న యెడల వాడే చెప్పును. వాడు చెప్పకపోయిన యెడల ఆ కాగితము ఎట్లును ఇంటికి వచ్చును.

తండ్రులను గూర్చి నేను వ్రాయలేదు. వారికి వేరుగా ఎవరైన వ్రాయవలెను, గట్టిగానే వ్రాయవలెను.

మా పెద్దవాని సంగతి మిగిలియున్నది. రెండవ యేడు గడచిన పిమ్మట ఒక సాయంకాలము నేను వానితో, "ఆ రోజు నీకు చెప్పకుండా మీ నాన్నకు చెప్పడం నాదే తప్పురా" అంటిని. మా ప్రాంతమున తల్లులు కుమారులతో అట్లనరు; నాకు నాలుక తడబడినది. వాడు, "ఎప్పటి మాటో అది, వదిలెయ్ అమ్మా" అని చెప్పు తొడుగుకొని బయటికి పోయెను. అంతకుమించి ఏమియు జరుగలేదు. ఆ నెలలో మాత్రము ఒక రాత్రి వచ్చి, పిలువకయే, గంపకు అవతలి ప్రక్క కూర్చుండెను.

ఇప్పుడు వాడు హైదరాబాదులో పని చేయుచున్నాడు. వారమునకు ఒకసారి రాత్రి వేళ ఫోను చేయును. ఏమి చేయుచున్నావమ్మా అని అడుగును. విత్తనపు కాయలు ఒలుచుచున్నానని చెప్పుదును. ఫోను పీట మీద పెట్టి నా పని నేను చేసికొందును. వాడు చాలసేపు ఏమియు మాటలాడడు. అవతల వాని గదిలో పంకా తిరుగు చప్పుడు, ఇవతల కాయలు చిటుకుమను చప్పుడు. కొంతసేపటికి, "ఉన్నావా అమ్మా?" అనును.

"ఉన్నా నాయనా" అందును.